ఊరి నీళ్ల లెక్క బడి పిల్లలకు తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లా ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిని. ఏటా జూన్ 5 దాటిన మర్నాడు పత్రికల జిల్లా పేజీల్లో పర్యావరణ దినోత్సవం ఫోటోలు వస్తాయి. ప్లకార్డులు పట్టుకున్న పిల్లలు, మొక్కకు నీళ్లు పోస్తున్న ప్రధానోపాధ్యాయులు, ప్లాస్టిక్ వాడబోమని చేయి చాచి చేస్తున్న ప్రతిజ్ఞ వాటిలో కనిపిస్తాయి. నేనూ చాలా ఏళ్లు అలాంటి ర్యాలీలు నడిపించాను, అవి చెడ్డవని ఇప్పుడూ అనను. అయితే ర్యాలీ ముగిశాక ఆ పిల్లల్లో చాలామంది దారిలో ఏ బోరింగు దగ్గరో, ఏ చేను గట్టున పంపు దగ్గరో దోసిలి పట్టి దాహం తీర్చుకుని ఇంటికి పోతారు. ఆ నీళ్లలో ఏముందన్నది, ముఖ్యంగా ఎక్కువైతే పళ్లను, ఎముకలను చెడగొట్టే ఫ్లోరైడ్ అనే లవణం ఎంత ఉందన్నది, వాళ్లు మోసిన ప్లకార్డుల్లో ఏ ఒక్కదాని మీదా ఉండదు. మన ప్రాంతపు పిల్లలు తమ ఒంటికి తమ పరిసరాల నుంచి వచ్చే ప్రమాదాన్ని ఎలా అర్థం చేసుకుంటున్నారో, ఆ అర్థంలో ఎక్కడ తప్పు జరుగుతున్నదో నేను తరగతి గదిలో చూసినంత మేరకు మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఉద్యోగపు చివరి సంవత్సరాల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక అలవాటుగా ఈ ప్రశ్న ఇచ్చేదాన్ని: మన చుట్టూ ఉన్నవాటిలో మన ఆరోగ్యాన్ని చెడగొట్టేవి ఏమిటో పుస్తకం చూడకుండా రాయండి. జవాబులు ఏటా ఒకే తీరుగా ఉండేవి. ప్లాస్టిక్ కవర్లు, లారీల పొగ, ఫ్యాక్టరీ గొట్టాలు, ఓజోన్ పొర, ఢిల్లీ గాలి. ఢిల్లీలో గాలి నాణ్యత సూచీ ఏ రోజు ఎంతకు చేరిందో ఫోన్‌లో చూసి చెప్పగల పిల్లవాడికి తన ఇంటి ముందు బోరులో ఫ్లోరైడ్ ఎంత ఉందో తెలియదు, అది తెలుసుకోదగ్గ సంగతి అని కూడా తోచదు. ఫ్లోరైడ్ మాట రాసినవాళ్లు అక్కడక్కడ ఉండేవారు గాని, దాని పక్కన ‘ఇంతకు ముందు ఉండేది’ అని కూడా రాసేవారు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు పిల్లలు ఇలా రాస్తే నాకు మనసు కలుక్కుమనేది. వాళ్ల తాతల్లో, మేనత్తల్లో నడుము వంగిపోయి, మెడ తిప్పలేక, మనిషి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవాళ్లు అప్పటికింకా బతికే ఉన్నారు.

పిల్లలు తెలివి తక్కువవాళ్లై ఇలా రాయలేదు. ప్రమాదాన్ని గుర్తుపట్టడానికి ప్రకృతి మనిషికి ఇచ్చిన సాధనాలు కన్ను, ముక్కు, నాలుక. పిల్లలు వాటినే నమ్ముతారు, పెద్దలూ వాటినే నమ్ముతారు. నల్లని పొగ, మురికి కాలువ, కుళ్లిన వాసన వీటిని ఎవరూ నేర్పకుండానే మనిషి తప్పించుకుంటాడు. కాని మా జిల్లా రాళ్లలోంచి నీళ్లలోకి దిగే ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తగిలే తేడా లేదు. గ్లాసులో పోస్తే అద్దంలా ఉంటుంది. దీనికి తోడు మరొక చిక్కు వచ్చింది. నది నీటిని శుద్ధిచేసి పైపుల్లో పంపేటప్పుడు దారిలో క్రిములు చేరకుండా క్లోరిన్ కలుపుతారు, కొన్ని రోజులు ఆ బ్లీచింగ్ వాసన నల్లా విప్పగానే ముక్కుకు తగులుతుంది. పిల్లలు, వాళ్లతో పాటు ఇంట్లోవాళ్లు, ‘ఆ నీళ్లు మందు కంపు కొడుతున్నయి’ అని వాటిని బట్టలకు, బర్రెలకు వాడి, తేటగా చల్లగా ఉన్నాయని బోరు నీళ్లు తాగడం నేను ఒక్క ఊళ్లో కాదు, పని చేసిన చాలా ఊళ్లలో చూశాను. ముక్కు ఇచ్చిన సమాచారం నిజమే, దాని నుంచి తీసిన తీర్పు మాత్రం పూర్తిగా తలకిందులు. కాపాడే నీళ్లను అనుమానించి, కీడు చేసే నీళ్లను నమ్మిన ఈ ఒక్క ఉదాహరణను సరిగ్గా విప్పి చెప్పగలిగితే పర్యావరణ ఆరోగ్యం అనే పాఠంలో సగం చెప్పినట్టేనని నా అభిప్రాయం.

పాత తరానికి ఈ సంగతి చదువు వల్ల తెలియలేదు, ఒంటి మీదకు రావడం వల్ల తెలిసింది. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు చెడే జబ్బు అయిన ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదటిసారి గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, అంటే తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన దర్శి, పొదిలి వైపు పల్లెల్లో. వైద్యుల కంటే ముందే అక్కడి రైతులు తమ ఎడ్లు కీళ్లు బిగిసి అడుగు వేయలేకపోవడం గమనించారని చెబుతారు. కాడి మోయాల్సిన ఎద్దు కూలబడితే రైతు కారణం వెతుకుతాడు, మేత చూస్తాడు, నీళ్లు చూస్తాడు. ఆ పరిశీలన చేసింది ఏ ప్రయోగశాలా లేని మనుషులు. మా నల్లగొండ పేరు కూడా ఈ జబ్బు వల్లే వైద్య గ్రంథాలకెక్కింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ఇక్కడి పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంగిపోవడాన్ని వర్ణించి ప్రచురించారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీళ్లను తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది, ప్రపంచమంతా దాన్ని ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరుతోనే పిలుస్తుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ నియోజకవర్గం నుంచి 480 మంది పోటీలో నిలబడితే, మా తాగునీటి బాధ దేశానికి వినపడాలన్నదే దాని వెనుక ఉన్న పట్టుదల. ఇవన్నీ నా తరానికి కళ్లముందు జరిగినవి, కాకపోతే ఇంట్లో విన్నవి. 2010 తర్వాత పుట్టిన పిల్లవాడికి ఇందులో ఒక్క ముక్క కూడా ఇంట్లో చెప్పేవారు లేరు, బడి పుస్తకంలో ఫ్లోరోసిస్ ఒక పేరాగా వచ్చి పోతుంది.

మరి ‘ఇంతకు ముందు ఉండేది’ అని వాళ్లు ఎందుకు రాశారు? దానికీ న్యాయమైన కారణం ఉంది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే రాష్ట్ర పథకం మిషన్ భగీరథ ప్రారంభమైన తర్వాత నది నీళ్లు పల్లెలకు చేరడం మొదలైంది. తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసం ఒక్కటి కూడా మిగలలేదని కేంద్రం 2020లో పార్లమెంటుకు తెలియజేసింది. ఆ మార్పు గొప్పది, వంకర కాళ్లతో కొత్త పిల్లలు కనిపించకపోవడం కంటే ఒక జీవశాస్త్రం టీచరుకు సంతోషం ఏముంటుంది. అయితే ఆ లెక్క ఆవాసానికి సురక్షితమైన సరఫరా చేరిందా లేదా అన్నదానికి సంబంధించింది. భూమి లోపలి గ్రానైటు ఎక్కడికీ పోలేదు. క్షారగుణం ఎక్కువై కాల్షియం తక్కువైన నీళ్లు ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటూనే ఉంటాయి, బోరు ఎంత లోతుకు పోతే ఆ పాత నీళ్లు అంత ఎక్కువగా తగిలే అవకాశం ఉంటుంది. పిల్లవాడు మాత్రం ‘ఫ్లోరైడ్ పోయింది’ అని విన్నాడు. పైపు పగిలినా, మోటరు కాలినా, నల్లా రెండు రోజులు రాకపోయినా బోరు స్విచ్ వేస్తారు. పత్తి ఏరడానికి, నాటు వేయడానికి పోయినవాళ్లు చేను దగ్గరి పంపు నీళ్లే తాగుతారు. తాగడానికి క్యాను తెచ్చుకునే ఇంట్లో కూడా అన్నం, పప్పు, చాయ బోరు నీళ్లతో అవుతుంటాయి, ఎందుకంటే ‘తాగే నీళ్లు’ అనే మాటలో వంట నీళ్లు లేవని అందరి లెక్క. పప్పు ఉడికిన నీళ్లు కూడా మనం తాగినట్టేనన్న మాట నేను తరగతిలో అంటే పిల్లలు ఒక్కసారిగా తలలెత్తి చూసేవారు.

పళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రమాదం పిల్లలకు తమ సొంతమై తగిలేది అక్కడే. శాశ్వత దంతాల పింగాణీ పొర దవడ లోపల తయారయ్యేది పుట్టిన నాటి నుంచి దాదాపు ఎనిమిదేళ్ల లోపు. ఆ కాలంలో తాగిన నీళ్ల గుర్తు ఆ తర్వాత బయటికి వచ్చే పళ్ల మీద తెల్లని గీతలుగా, సుద్ద మచ్చలుగా, ముదిరితే గోధుమరంగు చారలుగా ఉండిపోతుంది. అది పొర లోపలే ఏర్పడిన మార్పు కాబట్టి ఎంత తోమినా పోదు. ఈ మాట తెలియక మా బళ్లలో పిల్లలు ఎంత అవమానం మోశారో నేను చూశాను. ఒక ఆడపిల్ల నవ్వు వచ్చినప్పుడల్లా చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ‘నువ్వు పండ్లు సక్కగ తోముతలేవని అమ్మ తిడ్తది టీచర్, ఇటుక పొడి పెట్టి కూడ తోమిన’ అని ఒకరోజు నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. ఇటుక పొడి, బొగ్గు పొడి ఉన్న పొరను కూడా అరగదీస్తాయి. ఆ పిల్ల తప్పు ఏమీ లేదని, ఐదేళ్ల వయసులో ఏ నీళ్లు తాగాలో ఎవరూ తనను అడగలేదని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. అదే తరగతిలో ఆ పాఠం అంతకు ముందే చెప్పి ఉంటే ఆమెకు అన్నేళ్ల సిగ్గు తప్పేదని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. పరిసరాల వల్ల వచ్చిన కీడును ఒంటరిగా తన శుభ్రత లోపంగా మోయడం కూడా అవగాహన లేకపోవడంలో ఒక భాగమే, దీన్ని ఏ నివేదికా కొలవదు.

ఒకసారి ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్న నాకు పాఠం చెప్పే పద్ధతినే మార్చింది. ‘పేస్టుల ఫ్లోరైడ్ ఉంటే పండ్లు గట్టిపడ్తయని టీవీల చెప్తరు గద టీచర్, మరి నీళ్లల్ల ఉంటే ఎట్ల ఖరాబైతయి?’ అన్నాడు. ఆ ప్రశ్నలో ఒక పెద్ద శాస్త్రమే ఉంది. ఒక పదార్థం మంచిదా చెడ్డదా అని పిల్లలు అడుగుతారు, మనం కూడా మంచివి, చెడ్డవి అని రెండు పట్టీలు రాయించి పంపిస్తాం. అడగవలసింది ఎంత, ఎన్నాళ్లు, ఏ వయసులో, ఏ దారిన ఒంట్లోకి వెళ్లిందని. పేస్టులో ఫ్లోరైడ్ వెయ్యి పిపిఎం (పది లక్షల వంతుల్లో ఇన్ని వంతులు, నీళ్లలో అయితే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు) దాకా ఉన్నా దాన్ని పంటి మీద రాసి ఉమ్మేస్తాం. నీళ్లలో రెండు మూడు పిపిఎం ఉన్నా రోజంతా, ఏడాదంతా మింగుతాం, అందులో ఒంట్లో నిలిచిపోయేది దాదాపు అంతా ఎముకల్లో, పళ్లలో పేరుకుంటుంది. తగు మాత్రం కంటే తక్కువైతే పళ్లు పుచ్చడానికి అవకాశం పెరుగుతుందని, ఎక్కువైతే మచ్చలు పడతాయని, ఇంకా ఎక్కువై ఏళ్లు గడిస్తే ఎముకలు, కీళ్లు బిగుస్తాయని ఆ కుర్రవాడికి చెప్పి బోర్డు మీద ఒక లెక్క వేశాను.

ఆ లెక్క ఇక్కడ కూడా రాస్తాను. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రం 1.5 దాకా ఓర్చుకోవచ్చని చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 1.5. ఒక బోరులో 3 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. నీడపట్టున కూర్చుని పని చేసే మనిషి రోజుకు రెండు లీటర్లు తాగితే అతనికి 6 మిల్లీగ్రాములు చేరుతుంది. అదే బోరు నీళ్లు ఏప్రిల్ ఎండలో పని చేసే కూలిమనిషి ఐదు లీటర్లు తాగితే 15 చేరుతుంది. అన్ని దారుల నుంచి కలిపి రోజుకు సుమారు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకల మీద ప్రభావం పెరిగే సూచనలు ఉన్నాయని, 14 దగ్గర ఆ ప్రమాదం స్పష్టంగా కనిపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే ఒకే ఊరు, ఒకే బోరు, ఒకే సంఖ్య ఉన్నా ఇద్దరి ఎముకలకు జరిగేది వేరు, అందులో కూలిమనిషికే ఎక్కువ కీడు. ఈ గుణకారం ఐదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. బోర్డు మీద 15 పడగానే తరగతిలో చప్పుడు ఆగిపోయింది, వెనుక బెంచీలోంచి ఒక పిల్ల ‘మా అమ్మ గట్లనే తాగుతది’ అంది. ఢిల్లీ గాలి గాని, ఓజోన్ పొర గాని అన్ని సంవత్సరాల్లో ఆ తరగతిని ఒక్కసారి కూడా అలా కదిలించలేదు.

ఇంకొక పొరపాటును మన పాఠాలే నేర్పుతున్నాయి, ఇది నేను కొంచెం గట్టిగా చెప్పదలచుకున్నాను. నీళ్లు కాచి చల్లార్చి వడగట్టి తాగాలని ఒకటో తరగతి నుంచి చెబుతాం. కలరా, టైఫాయిడ్, కామెర్ల విషయంలో అది ప్రాణాలు కాపాడే మాట. కాని అదే మాటను పిల్లవాడు అన్ని కల్తీలకూ మందుగా తీసుకుంటాడు. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని చిక్కదనం పెరుగుతుంది. గుడ్డతో వడగట్టినా, మామూలు క్యాండిల్ ఫిల్టరు పెట్టినా ఉపయోగం ఉండదు. క్రిమి ఒక రకం శత్రువు, కరిగిన లవణం వేరొక రకం శత్రువు అని విడమరచి చెప్పే వాక్యం ఒక్కటి పాఠంలో ఉంటే చాలు. బాలింతకు, చంటిపిల్లకు అని ప్రత్యేకంగా బోరు నీళ్లను గంటసేపు మరగబెట్టి పట్టిన ఇళ్లు నాకు తెలుసు. ప్రేమతో, బడిలో నేర్చిన చదువును నమ్మి చేసిన పని అది.

ఇదే గుడ్డితనం పురుగుమందుల దగ్గర కూడా ఉంది. మా వైపు పత్తి చేలల్లో సెలవు రోజుల్లో పది, ఇంటర్ చదివే కుర్రవాళ్లు మందు కలుపుతారు, పంపు మోస్తారు. ఘాటు వాసన ఉన్నది బలమైన మందని, వాసన లేనిది పెద్దగా ఏమీ చేయదని వాళ్ల నమ్మకం. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏదో ఒక రంగు త్రికోణం ఉంటుంది, ఎరుపు అత్యంత విషపూరితమని, ఆ వరుసలో తగ్గుతూ వస్తుందని చట్టం పెట్టిన గుర్తు అది. ట్రాఫిక్ దీపాల రంగులు చెప్పే పిల్లలు ఆ రంగుల అర్థం చెప్పలేకపోయారు. వాళ్లకు ఎవరు నేర్పాలి? అమ్మే దుకాణదారు నేర్పడు, తండ్రికి తెలియదు, బడిలో ఆ డబ్బా లేదు.

ఒక్కసారిగా విరుచుకుపడే ప్రమాదం వేరు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయినప్పుడు మా మారుమూల బడి పిల్లలకు కూడా ఆ రసాయనం పేరు ఫోన్ల ద్వారా వారంలో తెలిసిపోయింది. రోడ్డు మీద కూలిపోతున్న మనుషులను చూసినవాళ్లు జీవితంలో మరచిపోరు. పదేళ్లు పట్టి నడుమును వంచే నీటి చుక్కకు అలాంటి దృశ్యం ఏదీ లేదు. ఫోన్ కళ్లముందు పెట్టేది ఘటననే, నెమ్మదిగా పేరుకునే దానిని చూపించలేదు. అందువల్ల దాన్ని అంకెలతో చూపించవలసిన బాధ్యత బడి మీద పడుతుంది.

కొందరు పెద్దలు, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు, పిల్లలకు ఇవన్నీ చెప్పి భయపెట్టొద్దని నాతో అన్నారు. వాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ‘ఫ్లోరిన్ ఊరి పిల్ల’ అని సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు మా మండలాల్లో ఉండేవి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు కిడ్నీ జబ్బు గురించి కూడా ఇలాంటి మాటే వింటాం, పరీక్ష చేయించుకుంటే పేరు బయటపడుతుందని రక్తం ఇవ్వడానికే జంకేవారున్నారు. ఉద్దానం కష్టం మాదాని కంటే పెద్దది, ఎందుకంటే అక్కడ ఫలానాదే కారణమని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. పలాసలో ఆసుపత్రి వచ్చింది, హిరమండలం జలాశయం నీళ్లు పైపుల్లో తెచ్చారు, అయినా అక్కడి పిల్లవాడు ‘ఎందుకు వస్తుంది’ అంటే టీచరు ‘ఇంకా పూర్తిగా తెలియలేదు, ఇవి ఇవి పరిశీలిస్తున్నారు’ అని నిజాయితీగా చెప్పాల్సి ఉంటుంది. మా దగ్గర ఆ కష్టం లేదు. కారణం ఎనభై ఏళ్లకు పైగా తెలుసు, తప్పించుకునే దారి తెలుసు. తెలిసినదాన్ని కూడా దాచిపెడితే పిల్లలకు భయం తగ్గదు, గుసగుసలే మిగులుతాయి. నా అనుభవంలో పిల్లలు సంఖ్య విన్నప్పుడు భయపడలేదు, ‘మరి మా ఇంటి బోరుది ఎంత?’ అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోవడమే నన్ను బాధించింది.

ఆ జవాబు దొరకబుచ్చుకోవడం కష్టమైన పని కాదు. నీళ్లలో రసాయనం చుక్కలు వేసి రంగు ఎరుపు నుంచి పసుపు వైపు ఎంత మారిందో పట్టీతో పోల్చుకునే ఫ్లోరైడ్ పరీక్ష కిట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని కేంద్ర తాగునీటి పథకం జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పర్యావరణాన్ని బళ్లలో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది, 2001లో జాతీయ హరిత దళం పేరుతో బళ్లలో పర్యావరణ క్లబ్బులు మొదలయ్యాయి. అన్నీ ఉన్నాయి, వాటిని ఒక్కచోటికి చేర్చేవారు లేరు. ప్రతి ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం చివర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి, తమ ఊరి బోర్లు, బోరింగులు, నల్లాలు, బడి వంటగది నీళ్లు ఈ కిట్‌తో పరీక్షించాలి. గ్రామంలో శిక్షణ పొందిన మహిళలే వాళ్లకు నేర్పవచ్చు, అందులో ఎవరో ఒకరు ఆ పిల్లల్లో ఒకరి తల్లే అయి ఉంటుంది. కిట్ చూపేది సుమారు విలువ కాబట్టి, ఎక్కువ వచ్చిన నమూనాలను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపి సరిచూసుకోవాలి. వచ్చిన విలువలు బడి గోడ మీద, తేదీతో సహా, వనరు పేరుతో సహా రాయాలి. 1.4 వస్తే అమృతం, 1.6 వస్తే విషం అని గీత గీసినట్టు చదవకూడదని కూడా అక్కడే చెప్పవచ్చు, ఎవరు ఎంత తాగుతారు, ఇంట్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్నారా అన్నదాన్ని బట్టి ఆ సంఖ్యను చదవాలని నేర్పవచ్చు. మధ్యాహ్న భోజనం ఏ నీళ్లతో వండుతున్నారన్న ప్రశ్న పిల్లలే అడిగితే ఆ వంటగదికి మంచి నీళ్ల పైపు వేగంగా వస్తుందని నాకు గట్టి నమ్మకం.

తాగకూడని చేతిపంపులకు ఎర్ర రంగు వేసి గుర్తు పెట్టే పద్ధతి మన దేశంలో చాలాచోట్ల ఉంది. నేను చివరగా పని చేసిన ఊళ్లో అలాంటి పంపు ఒకటి ఉండేది. రంగు వెలిసి, తుప్పుతో కలిసిపోయి, అది ఎందుకు ఎర్రగా ఉందో పిల్లల్లో ఎవరికీ తెలియదు. ఆడుకుని వచ్చి దాని దగ్గరే నీళ్లు తాగేవారు. గుర్తు పెట్టినవాళ్లు మారిపోయారు, గుర్తుకు అర్థం చెప్పే పని ఎవరిదీ కాలేదు. ఇంజనీర్లు నీళ్లు తెచ్చారు, వైద్యులు జబ్బు గుర్తించారు, ఈ మధ్యలో పిల్లవాడి మనసులో ఏ చిత్రం ఏర్పడిందన్నది ఒక్క ఉపాధ్యాయుడే చూడగలడు. అందుకే ఈ విషయంలో విద్యాశాఖకు ప్రత్యేకంగా విన్నవిస్తున్నాను: జూన్‌లో ర్యాలీ జరిగే రోజున ఒక గంట కేటాయించి ఆ ఊరి నీళ్ల పరీక్ష పిల్లల చేత చేయించండి. ప్లకార్డు మీద నినాదానికి బదులు ఆ రోజు వచ్చిన సంఖ్యలు రాయించండి.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. జిల్లా పేజీలో మీరు మండలాల వారీగా వర్షపాతం వేస్తారు, సాగర్ నీటిమట్టం వేస్తారు, మార్కెట్ యార్డు ధరలు వేస్తారు. మా ఇళ్లలో ఆ పట్టికలను చదవని రైతు లేడు. ఎండాకాలం చివర, వానాకాలం తర్వాత, ఏడాదికి రెండుసార్లు, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే మండలాల బోర్ల పరీక్ష విలువలను గ్రామీణ నీటి సరఫరా అధికారుల నుంచి తీసుకుని అదే పట్టిక పక్కన ప్రచురించండి. ఊరి పేరు, బోరు ఉన్న చోటు, పరీక్షించిన తేదీ, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు అన్న నాలుగు గడులు చాలు. ఆ పట్టిక కత్తిరించి తరగతి గోడకు అంటించే టీచర్లు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు, పదవీ విరమణ చేసినా ఆ పని చేయడానికి మా ఊరి బడికి నేను వెళతాను.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా.